చందుర్తి యుద్ధం: సేనలు – వ్యూహాలు

గోదావరి మండలపు ఈశాన్య భాగంలో, పిఠాపురానికి చేరువగా చందుర్తి అనే గ్రామం ఉంది. చెందుర్తి అని కూడా వ్యవహరిస్తారు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు తూర్పుగోదావరి జిల్లాకు చెందిన ఈ గ్రామం నేడు కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోనిది. 1758వ సంవత్సరం డిసెంబరు నెలలో ఒకనాటి ఉదయం ఈ ఊరి పొలాలలో ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి మధ్య యుద్ధం జరిగింది. పోరు కొద్ది గంటలలోనే ముగిసింది. కాని శ్రీకాకుళం మొదలు కృష్ణాతీరం వరకు వ్యాపించిన ఉత్తర సర్కారులు ఎవరి పాలన కిందికి రావలెనో తేల్చిన ఘట్టాలలో అదే మొదటిది. ఆంగ్ల గ్రంథాలలో దీనికి ‘కాండూర్’ యుద్ధమని పేరు. తెలుగు ఊరిపేరు పరభాషీయుల నోట పడి పొందిన రూపమది.

చందుర్తికి రెండేళ్లయినా ముందు కాదు, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. బొబ్బిలి కథను జంగాలు పాడారు, ప్రజలు విన్నారు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ అనే కావ్యమే రచించాడు. చందుర్తికి ఆ గౌరవం దక్కలేదు. గాథకు నాయకుడు కాదగిన వీరుడొకడు ఈ రణరంగంలో కనిపించకపోవడమే అందుకు కారణం కావచ్చు. ఉభయ పక్షాల సేనాపతులూ పరదేశీయులు. నేలకొరిగిన వారిలో అత్యధికులు పేర్లయినా నమోదు కాని సిపాయిలు. కావ్యానికి ఒదగకపోయినా, యుద్ధతంత్రాన్ని అధ్యయనం చేయదలచిన వారికి బొబ్బిలి కంటె చందుర్తి ఎక్కువ బోధిస్తుంది.

ఆ యుద్ధానికి దారితీసిన పరిస్థితులను ముందుగా తెలుసుకోవడం అవసరం. 1753లో హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్ తన ఆస్థానంలో ఉండిన ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని సేనల పోషణ నిమిత్తం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం సర్కారులను ధారాదత్తం చేశాడు. విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజు బుస్సీతో చెలిమి చేసి బొబ్బిలిపై అతని ఫిరంగులను నడిపించాడు. యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు. వారసుడుగా వచ్చిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొత్తు పొసగలేదు. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ, మద్రాసు ముట్టడికై బుస్సీని దక్షిణానికి రప్పించి, సర్కారుల రక్షణభారాన్ని కాన్‌ఫ్లాన్స్ అనే ప్రభువంశీయునికి అప్పగించాడు. బుస్సీకి ఈ దేశపు ప్రభువుల మనస్సులు తెలుసు. కాన్‌ఫ్లాన్స్ కొత్తవాడు. ఆ మార్పును అదనుగా గ్రహించి ఆనంద గజపతి విశాఖపట్నంలోని ఫ్రెంచివారిని బంధించి, ఆంగ్లేయులకు సహాయం కోరుతూ వర్తమానం పంపాడు. మద్రాసు అప్పటికే ఆపదలో ఉంది. కలకత్తాలోని క్లైవు మాత్రం, తన మండలి సభ్యులు వద్దని వారించినా వినక, కల్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఒక సేనను ఓడలపై విశాఖపట్నానికి పంపాడు.

రాజుకు, కంపెనీకి కుదిరిన ఒడంబడికను గుర్తుంచుకోవాలి. సముద్రతీరపు రేవులు కంపెనీకి, లోపలి జమీందారీలు రాజుకు. రాజమహేంద్రవరం స్వాధీనమైన తరువాత సేనల వ్యయం నిమిత్తం రాజు నెలకు 50,000 రూపాయలు, అధికారుల భత్యానికి 6,000 రూపాయలు చెల్లించాలి. పిలిచినవాడే కూలి ఇవ్వాలన్నది కంపెనీవారి నీతి.

ఇక సేనల విషయం. ఫోర్డ్ వద్ద ఐరోపీయులు 470 మంది, సిపాయిలు 1,900 మంది, ఫిరంగులు 6. ఆనంద గజపతి పక్షాన కాల్బలం 5,000, గుర్రపుదండు 500. వారితోపాటు బ్రిస్టల్ అనే దొర నడిపిన నలభైమంది ఐరోపీయులు, 4 ఫిరంగులు ఉన్నాయి. కాన్‌ఫ్లాన్స్ పక్షాన ఐరోపీయులు 500, సిపాయిలు 6,000, రౌతులు 500, ముప్ఫైకి పైగా ఫిరంగులు. రాజుగారి దండును కలిపి లెక్కిస్తే ఉభయ సేనలూ ఇంచుమించు సమానమే అనిపిస్తుంది. కాని ఆ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. రాజుగారి కాల్బలంలో అధికభాగం బల్లేలు, విల్లంబులు, పాతకాలపు వత్తి తుపాకులు ధరించిన వారు. క్రమశిక్షణ పొందిన పటాలాలను మాత్రమే లెక్కించినట్లయితే ఫ్రెంచివారి బలం రెండింతలకు మించినది. ఫిరంగుల బలం అంతకంటెను ఎక్కువ.

క్రమశిక్షణకు అంతటి ప్రాధాన్యం ఎందుకు కలిగింది? దానికి కారణం ఆనాటి ఆయుధం. చెకుముకి రాతి నిప్పుతో పేలే తుపాకి నూరు గజాలకు మించిన దూరంలో గురి తప్పుతుంది. సిపాయి కాగితపు తూటాను పంటితో చించి, మందు పోసి, గుండు దిగవేసి, కడ్డీతో కూరి, ఎక్కుపెట్టి కాల్చాలి. ఎంత సుశిక్షితుడైనా నిమిషానికి రెండు మూడు మార్లకు మించి కాల్చలేడు. ఒక్కని తుపాకి అల్పమైనది; అయిదువందల తుపాకులు బారులు తీరి ఒక్క మాటమీద పేలినప్పుడు మాత్రం ఎదుటి వరుస నేల కూలుతుంది. అందువల్ల సేనాపతికి కావలసినది వ్యక్తుల శౌర్యం కాదు, వరుస చెదరని నిలకడ. గుళ్లు వచ్చి తాకుతున్నా పక్కవాని భుజానికి భుజం ఆన్చి నిలబడి, ఆజ్ఞ వినబడేవరకు వ్రేలు కదపని సైనికుని తయారుచేయడమే ఐరోపా యుద్ధవిద్యలోని మర్మం. ఆ విద్యను ఈ దేశీయులకు నేర్పి సిపాయి పటాలాలను నిర్మించడంలో ఫ్రెంచివారే ముందున్నారు. ఆంగ్లేయులు వారిని అనుసరించారు.

ఫోర్డ్ వెంట వచ్చిన సిపాయిలు వంగదేశం నుండి వచ్చినవారు. 1757లో క్లైవు అక్కడ నెలకొల్పిన పటాలానికి, ఎర్రని అంగీల కారణంగా, ‘లాల్ పల్టన్’ అనే పేరు ఏర్పడింది. ఇక్కడొక విశేషం చెప్పుకోవాలి. వంగదేశంలోను ఉత్తరాపథంలోను కంపెనీ సిపాయిని ఆనాడు ‘తిలంగా’ అని పిలిచేవారు. క్లైవు మొట్టమొదట అక్కడికి తీసుకొనిపోయిన సిపాయిలు దక్షిణాదివారు కావడమే అందుకు హేతువు. తెలుగువారి పేరు అట్లా దూరదేశంలో సిపాయికి పర్యాయపదమై, ఆ పేరు మోసిన పటాలం తిరిగి తెలుగునేలపైకే యుద్ధానికి వచ్చింది. ఆ ఎర్రని అంగీయే చందుర్తిలో జయాపజయాలను నిర్ణయించింది.

కాన్‌ఫ్లాన్స్ గొల్లప్రోలు ప్రాంతంలో బలమైన స్థానంలో విడిసి ఉన్నాడు. అతనికి కొద్ది మైళ్ల దూరంలో ఆంగ్లేయుల శిబిరం. కొన్నిదినాలు ఎవరికి వారు ఎదుటివారి కదలిక కోసం వేచి ఉన్నారు. ఆంగ్లశిబిరం నుండి పారిపోయి వచ్చిన ఒక సైనికుడు, ఫోర్డ్ సేన అనుభవం లేనిదని, వారి శిబిరంపైకి ఒక చిన్నగుట్ట నుండి గుళ్లు కురిపించవచ్చునని కాన్‌ఫ్లాన్స్‌కు చెప్పాడు. అతడు రాత్రివేళ ఆరు ఫిరంగులను ఆ గుట్టమీదికి పంపాడు. సరిగా అదే రాత్రి ఫోర్డ్ మరొక ఆలోచన చేశాడు. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో శిబిరం విడిచి, చందుర్తి గ్రామానికి చేరి, అక్కడి నుండి శత్రుస్థానాన్ని పక్కనుండి తాకాలన్నది అతని తలంపు. సిద్ధంగా ఉండవలసిందని రాజుకు ముందే కబురు పెట్టాడు. కాని వేళకు రాజుగారి దండు లేవలేదు. ఫోర్డ్ వారికోసం ఆగకుండా కదిలిపోయాడు. తెల్లవారేసరికి ఫ్రెంచి ఫిరంగుల గుళ్లు నిద్రలేస్తున్న రాజుగారి శిబిరంలో పడ్డాయి. పరుగుపరుగున వచ్చి ఆ దండు ఫోర్డ్ సేనను కలుసుకుంది.

చీకటిలో జరిగిన ఈ కదలికను కాన్‌ఫ్లాన్స్ వేరొక విధంగా అర్థం చేసుకున్నాడు. తన ఫిరంగులకు వెరచి శత్రువు తప్పుకుంటున్నాడని భావించి, తన బలమైన స్థానాన్ని విడిచి, త్వరత్వరగా ఎదురు నడిచాడు. యుద్ధంలో తానెంచుకున్న నేలను విడిచి శత్రువు ఎంచుకున్న నేలమీదికి నడవడమంత ప్రమాదం మరొకటి ఉండదు.

ప్రాతఃకాలం గడిచి ఎండ కాస్త ఎక్కేవేళకు ఉభయసేనలు చందుర్తి పరిసరాలలో ఎదురెదురుగా నిలిచాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం సేనను ఉరస్యమని, కక్షలని, పక్షాలని విభజిస్తుంది. ఉరస్యమంటే వక్షఃస్థలం వంటి మధ్యభాగం, పక్షాలంటే ఇరువైపుల రెక్కలు. చందుర్తిలో మోహరించిన తీరును ఆ మాటలతోనే వివరించవచ్చు. రెండు సేనలలోను ఉరస్యస్థానంలో ఐరోపీయులు, ఫిరంగులు. ఇరు పక్షాలలో సిపాయిలు. ఫోర్డ్ సేనకు కుడిపక్కన కెప్టెన్ నాక్స్ నడిపే పటాలం, ఎడమపక్కన రెండవ పటాలం. ఫ్రెంచివారి రెక్కలలో ఒక్కొక్కదానిలో సుమారు మూడువేల సిపాయిలు. వారి ఎడమవైపున గుర్రపుదండు. రాజుగారి సేనకు మాత్రం ఈ మోహరింపులో చెప్పుకోదగిన స్థానమేమీ లేదు.

ఇంతవరకు ఉన్నది సామాన్యమైన బారు. దానిని అసామాన్యం చేసినది ఒక పైరు. ఫోర్డ్ సేన ఆగినచోట, మధ్యనున్న ఐరోపీయుల ముందు, నిలువెత్తు చేను ఒకటి అడ్డంగా ఉంది. ఆంగ్ల చరిత్రకారులు వాడిన మాట మొక్కజొన్నకు వర్తించేది. ఆనాటి మెట్టపొలాల సేద్యాన్నిబట్టి చూస్తే అది జొన్నచేను కావడానికే అవకాశం హెచ్చు. ఏ జొన్న అయినప్పటికీ, ఆ చేను ఆంగ్ల పటాలాన్ని ఫ్రెంచివారి కంటికి కనబడకుండా కప్పివేసింది. చేనికి ఎడమగా బయట నిలిచి కనిపిస్తున్నది ఎర్రని అంగీలు ధరించిన రెండవ సిపాయి పటాలం.

దక్షిణాదిలో ఫ్రెంచివారు అంతవరకు ఎదుర్కొన్న కంపెనీ సిపాయిలకు ఎర్రని అంగీలు లేవు. ఎర్రని వస్త్రమంటే వారి దృష్టిలో ఐరోపా పటాలమే. సిపాయిలకు మరొక గుర్తు కూడా ఉండేది. ప్రధాన పతాకమే కాక ప్రతి దళానికి చిన్నచిన్న జెండాలు ఉండేవి. దూరం నుండి వాటిని చూసి ఇది సిపాయిల వరుస అని పోల్చవచ్చు. ఆ జెండాలన్నిటినీ చుట్టి నేలమీద పెట్టవలసిందని ఫోర్డ్ ఆజ్ఞాపించాడు. ముందుగా పన్నిన ఎత్తుగడ అనుకున్నా, ఆ క్షణంలో తోచిన యుక్తి అనుకున్నా, ఆ ఆజ్ఞతో సిపాయి పటాలానికి ఆంగ్ల పటాలపు రూపం సంపూర్ణంగా వచ్చింది.

ఫ్రెంచి పటాలం ఆ వేషానికి లోబడింది. శత్రువు గుండెపై కొడుతున్నాననుకొని, ఏటవాలుగా తన కుడివైపునకు జరిగి, ఆ రెక్కపై కాల్పులు జరిపింది. ఎదుట ఐరోపా పటాలం, పక్కన అంతులేని సిపాయి రెక్క. వాటి నడుమ చిక్కిన ఎడమపక్షపు సిపాయిలు కొంతసేపు తుపాకులతో బదులు చెప్పి చివరకు చెదిరిపోయారు. ఆంగ్ల పటాలం విరిగిపోయిందని ఫ్రెంచివారు సంతోషించారు. విజయం చేతికందిందన్న ఉత్సాహంలో ఫిరంగులను వెనుక విడిచి, వరుసలు సడలించుకొని, పారిపోయేవారిని తరుముతూ ముందుకు ఉరికారు.

అప్పుడు చేనిలో అలికిడి అయింది. కెప్టెన్ అడ్నెట్ నడిపిన అసలు ఆంగ్ల పటాలం చేనిచాటు నుండి వెలువడి, తమకు పార్శ్వం చూపుతూ పరుగిడుతున్న ఫ్రెంచి వరుసలకు ఎదురుగా తిరిగి, దళం తరువాత దళంగా కాల్చింది. అడ్నెట్ ఆ పోరులోనే ప్రాణాలు కోల్పోయాడు. కాని మొదటి కాల్పులకే ఫ్రెంచి గ్రెనేడియర్లలో సగంమంది కూలిపోయారు. తరిమేవారు తరమబడేవారైనారు. అర మైలు వెనుకనున్న తమ ఫిరంగుల వద్ద నిలదొక్కుకోవాలని వారు చేసిన యత్నం ఫలించలేదు. ఆంగ్లేయులు ఊపిరి సలపనీయకుండా వెంబడించి అక్కడి 13 ఫిరంగులను పట్టుకున్నారు. ఇంతసేపూ కుడిపక్కన నాక్స్ సిపాయిలు ఒక గట్టును అండగా చేసుకొని, తమకంటె సంఖ్యలో ఎంతో అధికమైన ఫ్రెంచి సిపాయిలను నిలువరించారు. ఆ గట్టు వెనుక వారు నిలబడి ఉండకపోతే చేనిచాటు యుక్తి అంతా వ్యర్థమై ఉండేది. మధ్యభాగం విరిగిందని తెలియగానే ఫ్రెంచివారి రెండు రెక్కలూ వెనుదిరిగాయి. ఆపై ఫోర్డ్ వారి శిబిరాన్ని కూడా ముట్టడించి లోబరచుకున్నాడు. మొత్తం 32 ఫిరంగులు, గుండ్లు, గుడారాలు, బరువులు లాగే మూడువేల ఎద్దులు విజేతల వశమయ్యాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం చేరేవరకు ఆగలేదు.

ఈ పోరుకు ఏడు శతాబ్దాల పూర్వం ఇంగ్లండులో జరిగిన మరొక యుద్ధం ఇక్కడ గుర్తుకు రాకమానదు. 1066 అక్టోబరు 14న హేస్టింగ్సు వద్ద సాక్సనుల రాజు హెరాల్డు, ఫ్రాన్సు దేశపు ఉత్తరతీరం నుండి దండెత్తి వచ్చిన నార్మను ప్రభువు విలియమును ఎదుర్కొన్నాడు. అంతకు మూడు వారాల ముందే హెరాల్డు ఉత్తరాన నార్వే రాజును ఓడించి, అలసిన సేనతో దక్షిణానికి పరుగున వచ్చాడు. సాక్సనులు అందరూ కాలినడకన పోరాడేవారే. ఒక మిట్టమీద డాలుకు డాలు చేర్చి గోడవలె నిలిచి, రెండు చేతులతో త్రిప్పే గండ్రగొడ్డళ్లతో శత్రువును కాచుకున్నారు. విలియము సేనలో విలుకాండ్రు, కాల్బలం, రౌతులు మూడు విధాలవారూ ఉన్నారు. బాణాలు డాళ్లకు తగిలి నిలిచిపోయాయి. గుర్రాలు మిట్ట ఎక్కలేకపోయాయి. ఉదయం మొదలైన పోరు మధ్యాహ్నం దాటినా తెగలేదు. ఒకదశలో విలియము ఎడమపక్షంలోని బ్రిటనీ ప్రాంతీయులు నిజంగానే బెదిరి పారిపోగా, సాక్సనులలో కొందరు వరుస విడిచి వారిని తరుముకుంటూ పల్లానికి దిగారు. దిగినవారిని నార్మను రౌతులు చుట్టుముట్టి వధించారు. ఆ అనుభవం చూపిన దారిలో నార్మనులు ఆ తరువాత బుద్ధిపూర్వకంగానే పలాయనం నటించారు. డాళ్లగోడ క్రమంగా పలచబడింది. సాయంకాలానికి హెరాల్డు హతుడయ్యాడు, సాక్సనుల రాజ్యం అంతరించింది.

పారిపోతున్నట్లు నటించి శత్రువును అనువుగాని నేలకు ఈడ్చడం మన ప్రాచీనులకు తెలియని విద్య కాదు. అర్థశాస్త్రం దానిని కూటయుద్ధంలో చేర్చింది. హేస్టింగ్సులో గోడకట్టి నిలిచినవారు ఎందుకు ఓడిపోయారో, చందుర్తిలో రెండింతల బలం గల ఫ్రెంచివారూ అందుకే ఓడిపోయారు. వెన్నుచూపిన వానిని తరమాలన్న ఆత్రం ఉభయత్రా వరుసను చెదరగొట్టింది. అయితే రెండింటి నడుమ ఒక భేదం ఉంది, అది చిన్నది కాదు. నార్మను రౌతులు తాము నటిస్తున్నామని ఎరిగి నటించారు. చందుర్తిలో ఎడమపక్కన నిలిచిన సిపాయిల పలాయనం నటన కాదు. తమ జెండాలను ఎందుకు దించమన్నారో, శత్రువులో శ్రేష్ఠమైన పటాలమంతా తమమీదికే ఎందుకు వస్తున్నదో వారికి తెలిసే అవకాశమే లేదు. ఆంగ్లేయుల పక్షాన మరణించిన ఐరోపీయులు ఇరవైమందికి లోపు. సిపాయిలు సుమారు నూరుమంది. ఫ్రెంచి ఐరోపీయులలో డెబ్బైకి పైగా చనిపోయారు. కాన్‌ఫ్లాన్స్ సిపాయిలలో ఎందరు మరణించారో ఎవరూ లెక్కించినట్లు లేదు.

యుద్ధం జరుగుతున్నంతసేపు ఆనంద గజపతి దండు ఎండిపోయిన ఒక చెరువు గర్భంలో దాగి ఉండిపోయింది. శత్రువు చెదరి పరుగెత్తేవేళ అయిదువందల గుర్రాలు వెంబడించి ఉంటే ఫ్రెంచి సేనలో తప్పించుకున్నవారు స్వల్పం అయ్యేవారు. ఎన్ని కబుర్లు పెట్టినా ఆ గుర్రాలు కదలలేదు. దీనిని ఆంగ్ల చరిత్రకారులు పిరికితనంగా చిత్రించారు. అందులో సత్యం లేకపోలేదు. కాని బల్లేలతో, వత్తి తుపాకులతో వచ్చిన రైతుబంట్లను చెకుముకి తుపాకుల బారు ముందు నిలబెట్టడం ఎటువంటిదో, నిద్రలో ఉండగానే ఫిరంగిగుళ్లు తాకిన ఆ ఉదయమే వారు తెలుసుకొని ఉండాలి.

చందుర్తి తరువాత నాక్స్ ముందుగా పోయి రాజమహేంద్రవరం కోటను స్వాధీనం చేసుకున్నాడు. ఇక చెల్లింపుల కాలం వచ్చింది. ఫోర్డ్ వద్ద సైనికులకు జీతమియ్యడానికి ధనం లేదు. రాజు ఇవ్వడానికి ఇష్టపడలేదు. ధనం కోసం సాగిన ఈ వివాదంలోనే వారాలు గడిచాయి, ఒకసారి గోదావరి దాటిన ఫోర్డ్ మరల వెనుకకు రావలసివచ్చింది. 1759 జనవరి చివర గాని సేన మచిలీపట్నం వైపు కదలలేదు. ఆ జాప్యంవల్ల ఫ్రెంచివారికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. అయినా ఏప్రిల్ 7, 8 తేదీల నడిరేయి ఫోర్డ్ మచిలీపట్నం కోటను లగ్గపట్టి సాధించాడు. సహాయార్థం వస్తున్న సలాబత్ జంగ్ మనసు మార్చుకొని, మే 14న మచిలీపట్నం పరిసర మండలాలను కంపెనీకి ఇస్తూ సంధి చేసుకున్నాడు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాం ఆలీతో జరిగిన ఒడంబడిక తక్కిన సర్కారులను కూడా కంపెనీకి సంక్రమింపజేశాయి.

సర్కారుల లోపలి భూములకు తానే ప్రభువు కావలెనని ఆశించి ఆంగ్లేయులను పిలిచిన ఆనంద గజపతి ఆ ఫలం అనుభవించకుండానే కొద్దికాలానికి మరణించాడు. అతనికి దత్తతగా వచ్చిన రెండవ విజయరామరాజు కంపెనీకి పేష్కషు చెల్లించే జమీందారుగా మిగిలాడు. బకాయిల తగవు ముదిరి 1794 జూలై 10న పద్మనాభం వద్ద యుద్ధంగా పరిణమించింది. ఆ ఉదయం విజయరామరాజు, అతని అనుచరులైన రాచవారు అనేకులు, కంపెనీ సిపాయి పటాలాల కాల్పులకు నేలకొరిగారు.